సండూరు ఘాట్‌లో ఆగిన గేరు

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు చక్రధర్ సైకిలు కారెక్కి వచ్చింది. వెనకే చక్రధర్ దిగాడు. ఒంటికి అతుక్కున్న బట్టలూ హెల్మెట్టూ అలాగే ఉన్నాయి, మొహం మాత్రం కందగడ్డ అయివుంది.

సత్యనారాయణపేట మలుపులో దోసెల హోటలుంది. దాన్నానుకొని ఉన్న రేకుల షెడ్డు సుంకన్నది. వారంలో మూడు నాలుగు రోజులు తెల్లవారకముందే సైకిళ్ళు తొక్కుకుంటూ పోయే పద్నాలుగు మంది, లారీల యజమానులు, డాక్టర్లు, ఒక లెక్చరరు, తిరిగొచ్చి ఆ హోటల్లోనే కూర్చుంటారు. వాళ్ళు దోసెలు తినేలోపు సుంకన్న వాళ్ళ సైకిళ్ళను ఒక్కొక్కటే స్టాండుకెక్కించి, చైను తడిమి, చక్రం తిప్పి చెవి ఒగ్గి వింటాడు. ఆ రోజు మాత్రం గుప్పెట్లో బన్ని ఆకులు, అంటే దసరాకు పంచుకునే జమ్మి ఆకులు, పట్టుకొని ఎదురొచ్చాడు. దసరానాడు పెళ్ళాంతో ఎమ్మిగనూరుకు, అత్తగారింటికి పోయివుండటంతో వీళ్ళెవరికీ బన్ని ఇవ్వడం కుదరలేదు.

చక్రధర్ ఆ చెయ్యి వైపే చూడలేదు.

జరిగిందేమిటో అతను గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. సండూరు ఘాట్ మొదటి మలుపు దాకా బాగానే ఉందట. ఎక్కుడు మొదలవగానే గేరు తగ్గిద్దామని మీట నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. చైను వెనక చక్రంలో అన్నిటికంటే చిన్న పళ్ళబిళ్ళ మీద, అంటే అన్నిటికంటే బరువైన గేరులో, బిగుసుకొని కూర్చుంది. వెనక ఖనిజం లారీలు హారన్లు కొడుతుంటే దిగి రెండు కిలోమీటర్లు తోసుకుంటూ నడిచాడు. నిన్నమొన్న సైకిలు క్లబ్బులో చేరినవాళ్ళు కూడా అతన్ని దాటిపోయారు. వాళ్ళల్లో ఒకడు వేగం తగ్గించి, "ఏమైందన్నా?" అని జాలిగా అడిగాడు. మిగతాదంతా ఓర్చుకున్నాడేమో గానీ ఆ జాలిని మాత్రం చక్రధర్ ఓర్చుకోలేకపోయాడు.

వాళ్ళల్లో యంత్రాల సంగతి తెలిసినవాడు డాక్టర్ కేశవ. ముందు గేరుకొకటీ వెనక గేరుకొకటీ ఉండే రెండు బ్యాటరీలను అక్కడే అటుదిటు మార్చి చూశాడట. మార్చినా కదల్లేదు. అంటే బ్యాటరీలు కాదు, లోపలి మోటారే పోయిందని తేలింది. పండగకు ముందు ఆ సైకిలు కడగడానికి వచ్చింది సుంకన్న దగ్గరికి. కడిగేటప్పుడు మోటారులోకి నీళ్ళు పోయాయని చక్రధర్ అనుమానం.

"నీళ్ళు కొట్టినావా లేదా, అది చెప్పు."

"కొట్టలేదు చక్రధరప్పా. తడి గుడ్డతో తుడిచినా. బ్యాటరీలు రెండూ ముందే ఊడబీకి పక్కన పెట్టినా."

"మరెట్ల చచ్చె?"

"చూస్తే గదా తెలిసేది. ఒక్కతూరి స్టాండుకు ఎక్కీండి."

"నువ్వు చూసింది చాలు. ఇది పాలోళ్ళ సైకిలు కాదు సుంకన్నా, స్పానరు పెట్టి తిప్పేదానికి. ఆదివారం బెంగళూరు నుంచి సర్వీసు వ్యాను వస్తాండాది. దీన్నీ వాళ్ళే చూస్తారు, ఇంకమీద అందరివీ వాళ్ళే చూస్తారు."

హోటల్లో దోసెలు తింటున్నవాళ్ళు తినడం ఆపారు. సప్లయరు కూడా చట్నీ గిన్నె పట్టుకొని నిలబడిపోయాడు. యాభై రెండేళ్ళు వచ్చినా ఇలా పదిమంది ముందు మాటపడటం సుంకన్నకు అలవాటు కాలేదు. గుప్పెట్లోని బన్ని ఆకులు నలిగి వాసన వచ్చాయి. మాట్లాడకుండా ఉంటే సరిపోయేది. కానీ ఒళ్ళు మండింది.

"నా తావ తప్పు జరగలేదు. ఎవురితోనైనా చూపించుకోండి. నా తావ తప్పుందని తేలితే ఈ షెడ్డుకు బీగం ఏసి పోతా," అన్నాడు.

చక్రధర్ సైకిలును మళ్ళీ కారెక్కించుకొని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఆ రోజు తమ సైకిళ్ళను స్టాండుకు ఎక్కించమని అడగలేదు.

నిజానికి ఆ గేరంటే సుంకన్నకు ముచ్చట. ఆర్నెల్ల కిందట మొదటిసారి చూసినప్పుడు తీగ ఎక్కడుందా అని సైకిలు చుట్టూ వెతికాడు. తీగే లేదు. మీట నొక్కితే వెనకాల అగ్గిపెట్టెంత బ్యాటరీ పక్కన చిన్న దీపం మినుకుమంటుంది, 'జుయ్' మని మోటారు కదిలి చైనును పక్క పళ్ళ మీదికి తోస్తుంది. అంతే. తీగ సాగదు, తుప్పు పట్టదు, వానలో బిగుసుకోదు. ఆ సాయంత్రం చక్రధర్ తీసుకుపోయే దాకా సుంకన్న ఆ మీటను ఎన్నిసార్లు నొక్కాడో లెక్కలేదు. తర్వాత నెలంతా ఫోనులో వీడియోలు చూసి, వెంట్రుకవాసి సర్దుబాటు ఎలా చెయ్యాలో నేర్చుకున్నాడు. ముందు ముందు మీట కూడా ఉండదట, ఎక్కుడు వస్తే గేరు తనంతట తానే తగ్గుతుందట, కీళ్ళనొప్పుల ముసలివాళ్ళు కూడా కొండలెక్కుతారట అని డాక్టర్ కేశవ చెబుతుంటే, చేతిలో పని ఆపి మరీ విన్నాడు. క్లబ్బులో ఇంకా ఆరుగురు అలాంటివే కొనాలనుకుంటున్నారు. అవన్నీ తన స్టాండు మీదికే వస్తాయని సుంకన్న ధీమాగా ఉన్నాడు. ఇప్పుడు వ్యాను వస్తే అవీ రావు, ఉన్నవీ రావు. పంక్చర్లు మిగులుతాయి.

శనివారం పదకొండు గంటలకు ఒక పాలాయన వెనక చక్రం ఊపు పట్టిందని సైకిలు దించాడు. ఫ్రీవీలు, అంటే వెనక చక్రానికుండే పళ్ళబిళ్ళ, విప్పాలి. దాన్ని విప్పే పనిముట్టు బొటనవేలంత ఇనుప గొట్టం, చుట్టూ గాళ్ళుంటాయి. ఆ గాళ్ళు ఫ్రీవీలు లోపలి పళ్ళల్లో సరిగ్గా దిగాలి. ముప్ఫై ఏళ్ళుగా సుంకన్న దాన్ని చూడకుండానే దించుతున్నాడు. ఈసారి దిగలేదు. తిప్పి పెట్టాడు, దిగలేదు. వెలుతురుకు తెచ్చి చూస్తే గాళ్ళ నిండా పసుపు ఎండి గట్టిపడి ఉంది. పైన కుంకుమ తుడిచేసిన మరక కూడా ఉంది.

బుధవారం ఆయుధపూజ. పనిముట్లన్నీ కడిగి పెద్ద పళ్ళెంలో సర్ది, పెళ్ళాం పక్కీరమ్మ చేత పసుపు కుంకుమ పెట్టించాడు. ఏటా జరిగేదే. కానీ పళ్ళెంలో ఇంకేం పెట్టాడో సుంకన్న ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాడు. సూది తీసుకొని గాళ్ళల్లో పసుపు గీకుతూ కూర్చున్నాడు. పాలాయన రెండుసార్లు దగ్గాడు.

పన్నెండున్నరకు పక్కీరమ్మ రొట్టెల డబ్బా తెచ్చింది. సుంకన్న చెయ్యి కడుక్కోలేదు. ఎత్తుకోవడమే, పండగనాడు వేటివేటికి బొట్లు పెట్టినావని అడిగాడు. ఆమె వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. సుత్తి, పంపు, స్పానర్లు, కత్తెర, చక్రం సరిచేసే స్టాండు.

"ఇంకా?"

"ఆ రెండు చిన్న డబ్బాలు. పళ్ళెంలోనే ఉండె గదప్పా."

"వాటికి యాడ పెట్టినావు?"

"వాటికి బంగారు చుక్కలుండె, నాలుగు నాలుగు. బొట్టు పెట్టేదానికే చేసినట్టుండె. సరిగ్గా ఆ చుక్కల మీదనే పెట్టినా." చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం గొప్ప కూడా ఉంది. "పరాయోళ్ళ సామాను గదా అని గురువారం తెల్లార్తో తుడిచి ఇచ్చినా."

తుడిచింది. పైన తుడిచింది. గుంటల్లో ఉన్న చుక్కల మీద, సరిగ్గా కరెంటు పారే చోట, పసుపు పలచగా ఎండిపోయి ఉంటుంది. ఎమ్మిగనూరు బస్సు తప్పుతుందని సుంకన్న చీకట్లోనే వాటిని తగిలించి, రెండుసార్లు మీట నొక్కి, జుయ్‌మనగానే చక్రధర్ ఇంట్లో దించేసి పరిగెత్తాడు. సండూరు దారిలో తోరణగల్లు దాటాక రోడ్డంతా గుంతలే, ఆ సంగతి అందరికీ తెలిసిందే. ఆ కుదుపులకు, తాకీతాకకుండా ఉన్న చుక్కలు ఏకంగా వదిలేసి ఉంటాయి. రెండు బ్యాటరీలకూ బొట్టే కాబట్టి డాక్టరు అటుదిటు మార్చినా ఒరిగిందేమీ లేదు.

మోటారు చావలేదు. ఆ మాట అనుకోగానే గుండె తేలికపడింది. మరుక్షణమే శుక్రవారం తను అన్న మాట గుర్తొచ్చి మళ్ళీ బరువెక్కింది.

"పాడైపాయనా?" అంది పక్కీరమ్మ. అతను తిట్టి ఉంటే ఆమె తిరిగి నాలుగు అనేది. తిట్టకపోయేసరికి రొట్టెల డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టి, చీర కొంగుతో ఊరికే దాన్ని తుడుస్తూ నిలబడింది.

సాయంత్రం అయిదింటికి సుంకన్న చక్రధర్ ఇంటికి వెళ్ళాడు. చొక్కా జేబులో పాత పళ్ళ బ్రష్షు, స్పిరిట్ సీసా ఉన్నాయి. చక్రధర్ వరి మడి చూడటానికి సిరిగేరికి పోయాడని, రాత్రికి గానీ రాడని అతని తల్లి తిమ్మమ్మ చెప్పింది. వరండాలో మంచం మీద శనక్కాయలు ఒలుస్తోంది. సైకిలు ఒక మూల దుప్పటి కప్పుకొని ఉంది.

"చూడల్లంటే చూసుకో పో. రెండు దినాల నుంచి వాడు దాని పక్కకే పోలేదు," అని, కాఫీ తెస్తానని ఆమె లోపలికి వెళ్ళింది.

సుంకన్న దుప్పటి తీసి, వెనక బ్యాటరీని గోటితో ఎత్తి ఊడదీశాడు. అరచేతిలో వెల్లకిలా పెట్టి చూశాడు. నాలుగు చుక్కలు. బంగారు రంగు అంచులకే కనిపిస్తోంది, మధ్యలో పసుపు. వేలితో రాస్తే రాలేదు.

బ్రష్షు తీశాడు. రెండు నిమిషాల పని. రేపు పొద్దున ఆ బెంగళూరు వ్యానువాడు మీట నొక్కితే గేరు నిక్షేపంగా పడుతుంది. ఇందులో ఏమీ లేదండీ అంటాడు. సుంకన్న మాట నిలబడుతుంది. చక్రధర్ తల గోక్కుంటాడు. పక్కీరమ్మ పేరు ఎవరి నోటా రాదు. షెడ్డుకు తాళం పడదు. ఇంతకంటే సుఖమైన దారి ఎవరికి దొరుకుతుంది?

సుంకన్నకు ఒక పద్ధతుంది. ఏ సైకిలు నుంచి ఏం తీసినా, అరిగిన బేరింగు గుండ్లు గానీ, తెగిన తీగ గానీ, చెత్తలో వెయ్యడు. తెచ్చి ఆసామి అరచేతిలో పెట్టి, ఇదిగో ఇందుకే చెడింది అంటాడు. అందుకే ఇన్నేళ్ళుగా అతని దగ్గర ఎవరూ బేరం చెయ్యలేదు. ఈ పసుపును ఎవరి అరచేతిలో పెట్టాలి? గుట్టుగా తుడిచేస్తే శుక్రవారం నీళ్ళు కొట్టలేదని చెప్పిన నిజం కూడా అబద్ధంలాగే అయిపోతుందనిపించింది. పైగా చక్రధర్, ఎందుకు ఆగిందో తెలియని గేరుతో మళ్ళీ ఘాట్ ఎక్కుతాడు.

బ్రష్షు జేబులో పెట్టుకున్నాడు. బ్యాటరీని ఉన్నది ఉన్నట్టే తగిలించి దుప్పటి కప్పాడు. తిమ్మమ్మ కాఫీ తెచ్చి, బాగయిందా అని అడిగింది.

"రేపు అయితాదమ్మా," అన్నాడు. కాఫీ వేడికి నాలుక కాలినా ఊదుకోకుండానే తాగేశాడు.

ఆదివారం ఎనిమిదిన్నరకు వ్యాను వచ్చి హోటలు ముందు ఆగింది. లోపల గోడకు వరసగా పనిముట్లు, మధ్యలో స్టాండు, పైన లైటు. సుంకన్నకు అసూయ పుట్టిన మాట నిజమే, ఆ స్టాండు అంత బాగుంది. వచ్చినవాడి పేరు సిద్ధేశ్. ముప్ఫై ఏళ్ళుంటాయి. నల్ల చేతితొడుగులు వేసుకొని, అందరికీ నమస్కారం పెట్టి, చక్రధర్ సైకిలును స్టాండుకెక్కించాడు. మీటలు నొక్కాడు. తన దగ్గరున్న ఫోను తీసి గేరుతో కలపబోయాడు. ఫోను చాలాసేపు వెతికి, ఇక్కడ ఏమీ లేదంది. చిన్న దీపం వెలగలేదని చూసి, బ్యాటరీ ఊడదీసి మళ్ళీ తగిలించాడు. దాన్ని వెల్లకిలా తిప్పి చూడలేదు.

"బ్యాటరీ ఎరడూ హోగిదావె సార్. మోటార్ కూడా డౌటే. కొత్తది ఆర్డర్ పెట్టాల," అని కన్నడం, తెలుగు కలిపి చెప్పాడు. బ్యాటరీలు రెండూ పోయాయట.

చక్రధర్ సుంకన్న వైపు చూశాడు. అందరూ చూశారు. సుంకన్న వ్యాను మెట్టెక్కి, ఒక్క నిమిషం అని సిద్ధేశ్‌ను పక్కకు జరగమన్నాడు. బ్యాటరీ ఊడదీసి, దిగివచ్చి, దాన్ని చక్రధర్ అరచేతిలో వెల్లకిలా పెట్టాడు.

"ఇదిగో, ఇందుకే ఆగినాది. పసుపు. ఆయుధపూజకు మా ఇంట్లో దీనికి బొట్టు పెట్టినారు, ఈ చుక్కల మీదనే. అది నేను చూసుకోకుండా తగిలించి ఇచ్చినా. నీళ్ళు కొట్టలేదు, ఆ మాట నిజమే. కానీ తప్పు నా తావనే జరిగినాది. పదిమందిలో లేదంటి, అందుకని పదిమందిలోనే చెప్తాండా."

చక్రధర్ బ్యాటరీని ఎండకేసి పట్టుకొని చూశాడు. సుంకన్న దాన్ని తిరిగి తీసుకొని, స్పిరిట్‌లో బ్రష్షు ముంచి, ఒక్కొక్క చుక్కనూ రుద్దాడు. తెల్ల బ్రష్షు పచ్చబడింది. రెండోదాన్ని కూడా రుద్ది, నోటితో ఊది, రెండూ తగిలించి, పెడలు చేత్తో తిప్పుతూ మీట నొక్కాడు. జుయ్. చైను పక్క పళ్ళ మీదికి ఎక్కింది. ఇంకోసారి, ఇంకోసారి, చివరి పెద్ద పళ్ళ దాకా ఎక్కింది. శుక్రవారం ఘాట్‌లో చక్రధర్‌కు కావలసిన గేరు అది.

ఎవరో కిసుక్కున నవ్వారు. బొట్టంట, అని ఇంకెవరో అన్నారు. నవ్వు బల్లల మీదుగా పాకింది. ఇలాగే అవుతుందని సుంకన్నకు రాత్రే తెలుసు. మొలతాడుకు కట్టుకున్న షెడ్డు తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాడు.

సిద్ధేశ్ నవ్వలేదు. వ్యానులోంచి దూకి, పచ్చబడిన ఆ బ్రష్షును తీసుకొని వాసన చూశాడు. తర్వాత ఫోను చేసి, అవతలివాళ్ళతో కన్నడంలో గబగబా మాట్లాడాడు. "దసరా ఆదమేలె బందిద్వల్లా మూరు, పార్సల్ మాడిద్రా? మాడబేడ్రి. బ్యాటరీ కాంటాక్ట్ నోడ్రి, అరిశిన ఇదెయా అంత." పార్సిల్ చెయ్యొద్దని, బ్యాటరీ చుక్కల మీద పసుపుందేమో చూడమని చెప్పి, ఫోను చెవి దగ్గరే పెట్టుకొని ఎదురుచూశాడు. నవ్వులు ఆగిపోయాయి. పండగ అయ్యాక తమ షాపుకు ఇలాగే మూడు చచ్చిన గేర్లు వచ్చాయని, మూడింటికీ మోటారు పోయిందని తనే రాసిచ్చానని, ఈ రోజు వాటిని కంపెనీకి పంపించేస్తున్నారని డాక్టర్ కేశవకు చెప్పాడు. అవతలి నుంచి జవాబొచ్చింది. సిద్ధేశ్ కళ్ళు మూసుకొని నుదురు రుద్దుకున్నాడు.

"రెండిటికి పసుపే ఉందంట," అన్నాడు. "మా ఫోను అన్నీ చెప్తుంది. ఇది మాత్రం చెప్పలేదు." తర్వాత సుంకన్న పక్కకొచ్చి, చేతితొడుగు తీసేసి, "స్పిరిట్ యావుదు అణ్ణా? మెడికల్ షాపుదా?" అని, అది ఏ స్పిరిట్టో అడిగాడు.

మెడికల్ షాపుదేనని, గట్టిగా రుద్దితే బంగారు పూత లేచిపోతుందని, మెత్త బ్రష్షే వాడాలని సుంకన్న చెప్పాడు. సిద్ధేశ్ అదంతా తన ఫోనులో రాసుకున్నాడు.

చక్రధర్ బల్ల దగ్గరికి వచ్చాడు. బల్ల మీది తాళంచెవి తీసుకొని కాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు.

"చూడకుండానే నీళ్ళు కొట్టినావంటి," అన్నాడు, అందరికీ వినబడేట్టు. "ఘాట్‌లో నడిచినానని నాకు సిగ్గయింది, అది నీ మీద చూపించినా. నువ్వు నీ తప్పు చెప్పినావు. ఇది నాది." తాళంచెవిని సుంకన్న చేతిలో పెట్టి, ఆ చేతిని ఒక క్షణం అలాగే పట్టుకున్నాడు. "బీగం తీపో. సైకిళ్ళు నీ తావనే ఉంటాయి."

తన కొత్తది వచ్చే నెల వస్తుందని, బిగింపు దగ్గర్నుంచి సుంకన్నే చూడాలని డాక్టర్ కేశవ అన్నాడు. ఇంకెవరో తన లారీ వెనక కెమెరాకు డ్రైవరు కుంకుమ పూసిన కథ మొదలుపెట్టారు. సప్లయరు సుంకన్న ముందు దోసె పెట్టాడు. సుంకన్న కూర్చున్నాడు గానీ వెంటనే తినలేకపోయాడు. అమ్మయ్య అనుకున్నాడు. పైకే అనుకున్నాడేమో, పక్కనున్న లెక్చరరు నవ్వాడు.

ఫోను తీసి ఇంటికి చేశాడు. మొదటి గంటకే పక్కీరమ్మ ఎత్తింది. బాగయిందని, మోటారు చావలేదని, ఎవరూ ఏమీ అనలేదని చెప్పాడు. బెంగళూరులో కూడా రెండిళ్ళల్లో ఇట్లే బొట్టు పెట్టినారంట అని కూడా చెప్పాడు. అవతల ముక్కు చీదుకున్నట్టు వినబడింది.

"మరి వచ్చే ఏడాది యాడ పెట్టాలప్పా?" అంది పక్కీరమ్మ.

సుంకన్న తలెత్తి స్టాండు మీది సైకిలును ముందు నుంచి వెనక దాకా ఒకసారి చూశాడు.

"హ్యాండిలు మీద పెట్టు," అన్నాడు. "పెద్దగానే పెట్టు."